పంతొమ్మిదో గడి

ఏటుకూరు రోడ్డులో, మిర్చి కోల్డ్ స్టోరేజీలు దాటాక,
ఘాటుకి ముక్కు తుడుచుకుంటూ బండి ఆపాను.
సంచిలో నలభై రెండు గడుల ఫారం,
రెండు పెన్నులు, కొలిచే టేపు.

గుమ్మం వెడల్పు సరిపోయింది.
బాత్రూంలో కడ్డీ పట్టుకుని ఊగి చూశాను, గట్టిదే.
మందుల బీరువాకి తాళం, తాళానికి రిజిస్టరు,
రిజిస్టరుకి దారం, దారానికి పెన్ను.
టిక్కు. టిక్కు. టిక్కు.
వార్డెన్ విక్టోరియమ్మ నా వెనకే నడుస్తూ
నేను చూడబోయే చోటల్లా ముందే భయపడుతోంది.

ఏడో మంచం. దుప్పటి మీద మరక.
పసుపు, నూనె, బాగా ఎరుపు.
పంతొమ్మిదో గడి: పక్కబట్టలపై మరకలున్నాయా?
"పొద్దున్నే మార్చాం సార్, నిన్న కూడా..."

ఫైలు తీశాను.
నాగూర్ బీ. యాభై ఎనిమిది. పక్షవాతం, కుడివైపు. మాట లేదు.
మొదటి ఆర్నెల్లూ వేరు వేరు చేతిరాతల్లో ఒకే మాట:
సహకరించదు.
సహకరించదు, స్పూను పెడితే మొహం తిప్పుకుంటుంది.
ఆ తర్వాత సలోమీ అనే అమ్మాయి రాత మొదలైంది,
ఒత్తులు సగం లేవు:
"ఎడం చేతికి అందేటట్టు కంచం పెట్టాను. తినింది.
ఏం కలుపుతున్నామో ముందు చూపించాలి, లేకపోతే ముట్టదు.
యార్డులో ముప్పై ఏళ్లు తొడాలు తీసిందంట,
కళ్లు మూసుకుని కాయ పట్టుకుని రకం చెప్పేదంట.
డాక్టరు గారు కారం తగ్గించమన్నారు. తగ్గించాం. మాన్పించలేదు.
తినడానికి గంట పడుతుంది. పడనివ్వండి."

పడనివ్వండి అన్న మాటకి నా ఫారంలో గడి లేదు.

అలాగని ఫారం చించెయ్యమని నాకు చెప్పకండి.
మంగళగిరి అవతల ఒక హోములో, ఉద్యోగంలో చేరిన కొత్తలో,
నూలుతాడు ఒరుసుకుపోయిన మణికట్టు చూశాను.
కట్టినవాళ్లు చెడ్డవాళ్లు కారు,
మూడు రాత్రులుగా నిద్రలేనివాళ్లు.
ఇరవయ్యారో గడి, "ఎవరినైనా కట్టి ఉంచుతున్నారా",
అలాంటి ఏ చేతి నుంచో పుట్టుంటుంది.
అక్కడికొచ్చేసరికి ఇప్పటికీ నా పెన్ను నెమ్మదిస్తుంది.

తర్వాతి గడి పడక పుండ్లు.
అలవాటుగా వంగి దుప్పటి అంచు ఎత్తాను.

ఫట్‌మని ఎడం చెయ్యి
నా చేతి మీద.

వార్డంతా ఆగిపోయింది, ఫ్యాను తప్ప.
కర్టెను తీసే ఉంది.
తొమ్మిదో గడి, "గోప్యత పాటిస్తున్నారా",
పావుగంట కిందటే టిక్కు పెట్టేశాను.
అది వాళ్లను అడిగే ప్రశ్న అనుకున్నాను.

బకెట్టు పట్టుకుని వచ్చిన పిల్ల గుమ్మంలోనే నిలబడింది.
"అడగాలి సార్," అంది, పెద్దగా కాదు. "నేనైనా అడగాల్సిందే."

కర్టెను లాగాను. స్టూలు మీద కూర్చున్నాను.
కూర్చుంటే గానీ ఆమె కళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో తెలియలేదు.
"నాగూర్ బీ గారూ,
ఈ అమ్మాయి మీ వీపు చూసి నాకు చెప్పొచ్చా?"
పదకొండేళ్ల తనిఖీల్లో
ఒక మంచానికి గారు చేర్చడం అదే మొదలు.

ఆమె చూసింది.
తాలుకాయా, మేలుకాయా అన్నట్టు,
తొందరేం లేకుండా.
బయట లారీ రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది.
అప్పుడు తల అడ్డంగా ఊపింది.
వద్దు.

సలోమీ నా వంక చూసి భుజాలెగరేసింది.
"రేపు రండి సార్. పొద్దున స్నానమయ్యాక మనసు బాగుంటది."

ఇరవయ్యేడో గడి ఖాళీగా ఉంచి పక్కన రాశాను:
ఆమె ఇవాళ వద్దన్నారు. రేపు మళ్లీ అడుగుతాను.
పై ఆఫీసులో దీనికి ఏమంటారో తెలుసు,
ఖాళీ గడి ఉంటే కంప్యూటరు తీసుకోదు.
పంతొమ్మిదిలో: మరక ఉంది.
కారణం రాయడానికి చోటు చాలక
అంచు వెంట నిలువుగా రాశాను:
తన చేత్తో తిన్నారు.

బండి తీశాను. ఎండ.
శంకర్ విలాస్ దగ్గర సిగ్నల్లో
ఏదో నలక పడినట్టుంటే కన్ను నలుపుకున్నాను,
ఆమె కొట్టిన చేత్తో, కడుక్కోవడం మర్చిపోయిన చేత్తో.

ఇంటికి చేరేదాకా
ఒక కన్ను మూతపడలేదు.